ఇంకొక్క కిలోమీటరే అన్నారాయన

ప్రశ్న: అన్నగారికి నమస్తే. మాది హనుమకొండ. మొన్న దసరా సెలవుల్లో, సద్దుల బతుకమ్మకు ముందురోజు, గునుగు, తంగేడు కోసుకొద్దామని అందరం సైకిళ్ల మీద బయల్దేరాం. నేను, మావారు, పదమూడేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు, హైదరాబాద్ నుంచి సెలవులకు వచ్చిన మా ఆడబిడ్డ కొడుకు. వాడికి పదిహేను. హసన్‌పర్తి అవతల ఒక పల్లెలో మావారి మేనత్త ఉంటుంది. పన్నెండు కిలోమీటర్లే, ఆరింటికి బయల్దేరితే ఏడున్నరకు అక్కడ ఛాయ్ తాగొచ్చన్నారు. మేం గడప దాటేసరికే ఏడున్నర అయింది.

మెయిన్‌రోడ్డు మీద లారీలు ఎక్కువున్నాయని ఆయన ఫోన్‌లో చూసి ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ కట్ట మీదికి తిప్పారు. కొంతదూరం హాయిగా పోయాం, పూలు కూడా కోశాం. తీరా చూస్తే ఊరు కాలువ అవతల, మేం ఇవతల. వాటర్‌ట్యాంకు కళ్ల ముందే ఉంది, దాటడానికి వంతెన లేదు. "ఇంకొక్క కిలోమీటరే" అని ఆయన నాలుగుసార్లయినా అని ఉంటారు. మేనల్లుడి ముందు ఆయన పరువు తీయడం ఎందుకని నేను నోరు విప్పలేదు. కట్టంతా ముళ్లు. బాబు సైకిల్ పంక్చరైంది. వాడు పడి మోకాలు గీరుకుపోతే మావారు కాలువ దగ్గరికి దింపి రక్తం కడిగారు. మా ఆడబిడ్డ కొడుకు ముందుకు దూసుకుపోయి ముప్పావుగంట కనిపించలేదు. నీళ్లు పదింటికే అయిపోయాయి. పాప మాత్రం పొద్దుటి నుంచి గుక్కెడు కూడా తాగలేదు. చివరికి ఎవరో పెద్దాయన ట్రాక్టర్ ట్రాలీలో సైకిళ్లనూ మమ్మల్నీ ఎక్కించుకుని ఒంటిగంటకు ఊళ్లో దింపాడు. తంగేడు వాడిపోయింది, గునుగు మిగిలింది.

ఇంటికొచ్చాక మా అత్తమ్మ నన్నే తిట్టింది. ఆయనేమో "నువ్వు మొహం అట్ల పెట్టకుంటే చేరేవాళ్లం" అంటున్నారు. పాప సైకిల్ ముట్టనంటోంది. బాబేమో మళ్లీ ఎప్పుడు పోదామని రోజూ అడుగుతున్నాడు. వాడి సైకిల్‌కు పంక్చర్ వేయిస్తే రెండు రోజులకే మళ్లీ గాలి పోయింది. ఇప్పుడు సంక్రాంతికి ఐనవోలు మల్లన్న గుడి దగ్గరికి సైకిళ్ల మీదే పోదామని ఆయన పట్టు. తప్పెవరిది? పోనివ్వాలా, ఆపాలా?

— ఒక సోదరి, హనుమకొండ

సమాధానం: చెల్లెమ్మా, తప్పెవరిదన్న ప్రశ్నకు తర్వాత వస్తాను. మీ ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టిన సంగతిని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. ఎనిమిదేళ్ల పిల్లాణ్ని మోకాలు కడగడానికి కాలువ దగ్గరికి దింపడం. మిగతావన్నీ ఇంట్లో కూర్చుని నవ్వుకునే కథలే అవుతాయి. ఇది మాత్రం ఆ రోజు మీ అదృష్టం కొద్దీ కథగా మిగిలింది.

మీరు పోయిన ఆ ఎస్సారెస్పీ కాలువే కాకతీయ కాలువ. అది పొలం పక్కన పారే పిల్లకాలువ లాంటిది కాదు. పోచంపాడు డ్యాం నుంచి లోయర్ మానేరు డ్యాం దాకా 146 కిలోమీటర్లు, అక్కణ్నుంచి మన వరంగల్ మీదుగా కిందికి పోయి మొత్తం 284 కిలోమీటర్లు. రెండు పక్కలా ఏటవాలుగా సిమెంటు లైనింగ్. నీళ్లు తగిలే మేర ఆ సిమెంటుకు పాచి పడుతుంది. పైన ఎండిన చోట నిలబడితే చెప్పు బాగానే పట్టుకుంటుంది, ఒక్క అడుగు కిందికి వేస్తే సబ్బు మీద కాలు పెట్టినట్టే. జారితే పట్టుకోవడానికి గడ్డిపోచ దొరకదు. ఈత వచ్చినవాళ్లు కూడా ఒడ్డు దాకా వచ్చి, వాలు మీదికి పాకలేక, మళ్లీ నీళ్లలోకే జారిపోతారు. దసరా నాటికి వానాకాలం వరి ఇంకా చేన్ల మీదే ఉంటుంది, కాలువలో నీళ్లు పారుతూనే ఉంటాయి.

గీరుకుపోయిన మోకాలికి రెండు గంటలు మట్టి అంటుకుని ఉంటే కొంపేం మునగదు. సీసాలో గుక్కెడు నీళ్లుంటే వాటితో తుడవండి, లేకపోతే శుభ్రమైన గుడ్డ అద్ది వదిలేసి ఇంటికొచ్చాక నల్లా కింద సబ్బుతో కడగండి. ఆ కాలువ నీళ్లు గాయానికి మందేమీ కావు. ఎప్పుడైనా ఎవరైనా జారితే వెనకే దూకొద్దు, చున్నీయో చీరకొంగో తాడో అందించి కేకలు వేయండి, 112కు ఫోన్ చేయండి. పిల్లల్ని తీసుకుని పెద్దకాలువ కట్ట మీద సైకిళ్లు తొక్కొద్దు. ఈ ఒక్క విషయంలో నా దగ్గర బేరం లేదు.

ఇక దారి సంగతి. కాలువ కట్ట ఎక్కి ఇట్లా బోల్తా పడ్డది మీవారొక్కరే అనుకోవద్దు, చాలామంది పడతారు. కారణం ఉంది. రోడ్డు ఊళ్లను కలుపుకుంటూ పోతుంది. కాలువకు ఊళ్లతో పని లేదు, దానికి కావాల్సింది వాలు. నీళ్లు వాటంతటవే పారాలి కాబట్టి ఎత్తు ఒక్కసారిగా తగ్గకుండా గుట్టల చుట్టూ, మెరక పక్కగా మెలికలు తిరుగుతూ పోతుంది. అందుకే రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లున్న ఊరు కట్ట మీద ఆరో ఏడో అవుతుంది. కాసేపు మీవైపు వచ్చినట్టే వచ్చి ఊరు మళ్లీ పక్కకు జరిగిపోతుంది. మీ వాటర్‌ట్యాంకు ఒకసారి కుడికి, ఒకసారి ఎదురుగా, ఇంకోసారి కొంచెం వెనక్కి కనిపించి ఉంటుంది. అవునా?

రెండో మోసం ఒడ్డుది. ఇలాంటి పెద్దకాలువలకు ఇంజినీర్ల జీపు తిరిగే దారి మామూలుగా ఒక కట్ట మీదే బాగుంటుంది. రెండోవైపు రైతులు నడిచే బాట, బర్రెలు తిరిగే బాట, మధ్యలో సర్కారు తుమ్మ. కొంతదూరం రెండూ ఒకేలా కనిపిస్తాయి. మీరు హాయిగా పోయిన ఆ కొంతదూరం అదే. ఆ తర్వాత ముళ్లు మొదలయ్యాయంటే మీరు రెండో కట్ట మీదున్నారని నా అనుమానం. వంతెనలేమో ఊరి రోడ్డు కాలువను దాటే చోటే కడతారు. మధ్యలో కనిపించే తూము గేట్ల మీద మనిషి ఒక్కడు ఎట్లాగో దాటగలడేమో, అయిదు సైకిళ్లు, ఇద్దరు పిల్లలు దాటలేరు. దాటకూడదు కూడా.

ఫోన్‌ను తిట్టి లాభం లేదు. అందులో గీత ఉంటే దారి ఉందని మనం అనుకుంటాం. టూవీలర్ గుర్తు నొక్కితే అది లెక్కేసేది మోటర్‌సైకిల్‌కు. ఈసారి ఎక్కడికి పోవాలన్నా ముందురోజు రాత్రి శాటిలైట్ బొమ్మ పెట్టి పెద్దది చేసి చూడండి. కాలువ అయితే దాని మీద అడ్డంగా రోడ్డు గీతలు ఎక్కడెక్కడున్నాయో, ఊరు ఏ ఒడ్డునుందో చూడండి. పాపను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి, పిల్లలకు మనకన్నా ముందే కనిపిస్తాయి. ఆ ప్రాంతం మ్యాప్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే సిగ్నల్ లేకపోయినా చుక్క కదులుతుంది.

దీనికన్నా మంచి మ్యాప్ పొలం గట్టు మీద ఉంటుంది. ఆ ట్రాక్టర్ పెద్దాయన కంటే ముందు కట్ట మీద ఎంతమంది కనిపించారు? గడ్డి కోసేవాళ్లో, బర్రెల కాపరో, మోటర్ పెట్టడానికి వచ్చిన రైతో, ఒక్కరైనా కనిపించకుండా ఉండరు. ఎవరినైనా అడిగారా? మీరు రాయలేదు కాబట్టి అడగలేదనే అనుకుంటాను. మా మగవాళ్లకు ఈ జబ్బు పాతదే, ఫోన్లు వచ్చాక ఇంకా ముదిరింది. అడిగేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. "ఎంత దూరం?" అంటే "గిదే, పది నిమిషాలు" అంటారు. ఆ పది నిమిషాలు బండి మీద. పిల్లాడి సైకిల్‌కు దాన్ని నాలుగుతో హెచ్చవేసుకోండి. "చిన్నపిల్లలు, సైకిల్ మీద ఎట్ల పోవాలె?" అని అడగండి, జవాబే మారిపోతుంది. "అరె, గిటు ఎందుకొచ్చిన్రు, మర్లిపోండ్రి" అని మొదటి మనిషే చెప్పి ఉండేవాడు.

నాలుగుతో ఎందుకంటే, బాబు సైకిల్‌ను ఒకసారి మీ సైకిల్ పక్కన నిలబెట్టి చూడండి. వాడిది ఇరవై అంగుళాల చక్రం అయి ఉంటుంది, మీది ఇరవైఆరు. పెడల్ దగ్గరి పళ్ల చక్రం కూడా వాడిది చిన్నది. మీరు ఒక్క చుట్టు తొక్కితే పోయే దూరానికి వాడు దాదాపు రెండు చుట్లు తొక్కాలి. మనకు వాడు నెమ్మదిగా వస్తున్నట్టు కనిపిస్తాడు, అక్కడ వాడి కాళ్లు మిక్సీలా తిరుగుతుంటాయి. ఆ వయసు పిల్లలు మంచి రోడ్డు మీద గంటకు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు పోతే గొప్ప. మట్టిబాట మీద అయిదు. పన్నెండు కిలోమీటర్లంటే మంచి రోడ్డు మీదే గంటన్నర, మధ్యలో ఆగి పూలు కోస్తే ఇంకో గంట. ఏడున్నరకు బయల్దేరితే, ఏ తప్పూ జరగకపోయినా, పదింటికి చేరతారు. అప్పటికి దసరా ఎండ నెత్తికెక్కుతుంది. తిరుగుదారి ఎట్లాగూ ఉంది. అంటే కట్ట ఎక్కకముందే మీ లెక్క తప్పింది. ఆరింటి లెక్కతో ఏడున్నరకు బయల్దేరడం దగ్గరే సగం దారి తప్పారు.

ఇప్పుడు ఆ "ఇంకొక్క కిలోమీటరే" దగ్గరికొద్దాం. ఆ మాట నాకు బాగా తెలుసు, నేనూ అన్నాను కాబట్టి.

ముప్పై ఏళ్ల కిందటి మాట. నా కొడుకును ముందు కడ్డీ మీద తువ్వాల చుట్టి కూర్చోబెట్టుకుని, వెనక క్యారియర్ మీద టిఫిన్ డబ్బాతో ధర్మసాగర్ చెరువు చూపిద్దామని పోయాను. నేను సైకిల్ టాక్సీలో, అంటే అద్దె సైకిళ్ల షాపులో, గంటకు ఇంతని కట్టి, కడ్డీ కిందినుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నవాణ్ని. ఈ చుట్టుపక్కల దారులన్నీ నాకు తెలుసన్న పొగరు. రోడ్డు వదిలి బండ్లబాట పట్టాను. బాట సన్నబడింది. గట్టు అయింది. గట్టు చివర ఒర్రె, అంటే చిన్న వాగు. వాణ్ని భుజం మీద, సైకిల్‌ను ఇంకో భుజం మీద పెట్టుకుని దాటాను, అవతల పత్తి చేను తప్ప ఏమీ లేదు. అప్పటికీ "వచ్చేసింది బిడ్డా" అనే అంటున్నాను. సాయంత్రం ఇంటికి చేరాక మా ఆవిడ కోప్పడలేదు. "నీకు దారి తెలియదని పిల్లగానికి తెలిస్తే ఏమైతదయ్యా?" అంది, అంతే. అప్పుడు జవాబు తోచలేదు. తర్వాత ఆలోచిస్తే, ఏమీ కాదు. వాడికి ఆ ఒర్రె దాటడమే పండగ. చెరువు నాకు కావాల్సింది, వాడికి కాదు.

మీవారికి ఆ రోజు మేనత్త ఇల్లు కావాలి. అందులోనూ మేనల్లుడు చూస్తున్నాడు. మొదటి కిలోమీటరు పోయాక వెనక్కి తిరిగితే ఒక కిలోమీటరే దండగ. రెండోది పోయాక రెండు. పోయినకొద్దీ వెనక్కి తిరగడం ఖరీదవుతుంది, అందుకే ఇంకా ముందుకే పోబుద్ధవుతుంది. చీట్లాటలో పోగొట్టుకున్నవాడు లేవలేకపోయేదీ అందుకే. దారి తప్పడంలో ఆయన తప్పేమీ నాకు కనిపించదు. రెండో "ఇంకొక్క కిలోమీటరే" దగ్గర ఆగకపోవడం మాత్రం ఆయన తప్పు. మీరు కోపగించుకోనంటే, అక్కడ నోరు విప్పకపోవడం మీ తప్పు. పరువు కాపాడదామని ఊరుకున్నారు, ఆ ఊరుకున్నదంతా మొహంలోకి వచ్చి కూర్చుంది, దాన్నే ఆయన ఇప్పుడు మిమ్మల్ని అంటున్నారు. అత్తమ్మ తిట్లకు జవాబు నా దగ్గర లేదు, ఆమెకు మనవడి మోకాలు కనిపించింది, పక్కన మీరు కనిపించారు. దాన్ని ఉత్తరాల దాకా లాగకండి.

అప్పటికప్పుడు నడిరోడ్డు మీద "వెనక్కి పోదాం" అనడం ఎవరికైనా కష్టమే. అందుకని ఆ మాటను ఇంట్లోనే, ఛాయ్ తాగుతూ ముందే అనేసుకోవాలి. మా ఇంట్లో ఒర్రె యాత్ర తర్వాత నుంచి నడిచిన పద్ధతి చెప్తాను. బయల్దేరేముందే వెనక్కి తిరిగే టైము పెట్టుకునేవాళ్లం. ఎనిమిదిన్నర అనుకుంటే ఎనిమిదిన్నరకు ఎక్కడుంటే అక్కడ ఆగి, ఉన్నది తిని, తిరుగుముఖం. చెరువు వంద గజాల్లో ఉన్నా సరే. నిజంగానే ఒకసారి ఉంది, తిరిగొచ్చాం, నాకు రెండు రోజులు కడుపు మండింది. రెండోది, ఆపే హక్కు అందరికన్నా చిన్నవాడిది. వాడు కాళ్లు నొస్తున్నాయి అంటే అది ఫిర్యాదు కాదు, ఆర్డరు. పిల్లలు దీన్ని అలుసు తీసుకుంటారని మీవారు అంటారు. తీసుకోరు. మావాడు పదేళ్లలో రెండుసార్లే వాడుకున్నాడు, రెండుసార్లూ వాడిదే కరెక్టు.

పాప గురించి కొంచెం ఆగి మాట్లాడాలి. పదమూడేళ్ల పిల్ల పొద్దుటి నుంచి నీళ్లు తాగలేదని మీరే రాశారు. మీకు అది అలక లాగా కనిపించిందేమో. నాకైతే ఆ పిల్ల లెక్కేసుకున్నట్టు కనిపిస్తోంది. కట్ట మీద చెట్టూ చేమా తప్ప ఏమీ లేదు, తండ్రి ఉన్నాడు, బావ వరసయ్యే పిల్లాడు ఉన్నాడు. నీళ్లు తాగితే ఎక్కడికి పోవాలి? నా ఊహ తప్పయి ఉండొచ్చు. మీరు ఒక్కరే ఉన్నప్పుడు, సైకిల్ మాటెత్తకుండా, ఇదొక్కటే అడిగి చూడండి. అవునంటే ఆమెకు సైకిల్ మీద కోపం లేనట్టే. ఇకముందు దారి వేసేటప్పుడు ముప్పావుగంటకొక పెట్రోల్ బంకో, తెలిసినవాళ్ల ఇల్లో, బాత్రూమున్న గుడో తగిలేలా చూసుకోండి, అది కూడా ఆమెకు ముందే చెప్పండి. ఎండలో నీళ్లు తాగకుండా మూడు గంటలు తొక్కిన పిల్లకు తల తిరిగి పడిపోకపోవడం గట్టితనమే.

మేనల్లుణ్ని తిట్టకండి. పదిహేనేళ్లవాడికి గేర్ల సైకిల్ ఇచ్చి ఎనిమిదేళ్లవాడి వెనక పొమ్మంటే వాడేం చేస్తాడు. వాడికి పని పెట్టాలి. గాలి పంపు, పంక్చర్ సామాను వాడి సంచిలో వేసి, అందరికన్నా వెనక రమ్మనండి. నీ ముందు ఎవరు ఆగినా నీ డ్యూటీ అని చెప్పండి. ముందు పోవాలని మరీ తహతహలాడితే ఒక్క షరతు: ఎక్కడ దారి చీలితే అక్కడ ఆగాలి, ఆఖరివాళ్లు కనిపించాకే కదలాలి. బాబు మధ్యలో, వాడికి కొంచెం వెనకగా, రోడ్డు నడిమివైపు, అంటే బండ్లు పోయే వైపు, మీవారు. వేగం బాబుది.

ఐనవోలు సంగతి. మల్లన్న దగ్గరికి తప్పకుండా పొండి, కానీ సంక్రాంతికి సైకిళ్ల మీద వద్దు. భోగి నుంచి జాతర మొదలవుతుంది. మామునూరు దాటాక ఆ రోడ్డు మీద బస్సులు, ఆటోలు, బోనాలెత్తుకుని పోయే ట్రాక్టర్లు ఒకదాని మీద ఒకటి. హనుమకొండ నుంచి దాదాపు ఇరవై కిలోమీటర్లు. వాటి మధ్యలో ఎనిమిదేళ్ల పిల్లాడు హ్యాండిల్ ఒక్క జానెడు అటూ ఇటూ తిప్పినా ప్రమాదమే. బస్సులో పోయి, ఒగ్గు పూజారులు రంగుల ముగ్గుతో వేసే పట్నం చూసి, తీరిగ్గా రండి. జాతర ఉగాది దాకా ఉంటుంది, పండగ రోజే పోవాలనేమీ లేదు.

సైకిళ్లకు నేను చెప్పేది ఖిలా వరంగల్. ఆదివారం పొద్దున, సైకిళ్లను ట్రాలీ ఆటోలో వేసుకుని కోట దాకా పొండి. ఊరు దాటే ట్రాఫిక్‌లో పిల్లలతో తొక్కాల్సిన అవసరం లేదు, దాన్ని ఎవరూ ఓటమి అనరు. కోట ఎందుకంటే అక్కడ దారి తప్పినా ఎక్కువ దూరం తప్పలేం. రాతికోట గుండ్రంగా ఉంటుంది, అడ్డంగా చూస్తే కిలోమీటరుకు కొంచెం ఎక్కువ. దాని చుట్టూ ఇంకా పెద్ద వలయంగా మట్టికోట. నాలుగు దిక్కుల్లో నాలుగు దర్వాజాలు, నడుమ నాలుగు తోరణాలు. ఎటు పోయినా కాసేపటికి గోడ ఎదురవుతుంది, గోడ వెంట పోతే దర్వాజా తగులుతుంది. కోట లోపల ఇప్పటికీ ఊరుంది, ఇళ్లున్నాయి, కిరాణా కొట్టుంది, ఛాయ్ ఉంది. దర్వాజాల దగ్గర మాత్రం జాగ్రత్త. శత్రువు ఏనుగులతో నేరుగా దూసుకురాకుండా కాకతీయులు వాటిని వంకర తిప్పి కట్టారు, ఇప్పుడు ఆ వంకరలో ఎదురొచ్చే ఆటో చివరిదాకా కనిపించదు. అక్కడ దిగి, బెల్లు కొడుతూ నడిపించుకుని పొండి. దారి చూపించే పని ఆ రోజంతా పాపకు ఇవ్వండి, ఇష్టమంటేనే. మీవారి ఫోన్ జేబులో ఉండాలి.

ఇక ఆయనతో ఈ గొడవ ఎట్లా తెగుతుందంటే, సంక్రాంతికి సకినాలు చేస్తారు కదా. ఆ ట్రాక్టర్ పెద్దాయనకు డీజిల్ డబ్బులు ఇచ్చారో లేదో మీరు రాయలేదు, ఇచ్చినా ఆ తరం మనిషి తీసుకుని ఉండడు. ఒక డబ్బా నిండా సకినాలు పోసి, మీరిద్దరే స్కూటర్ మీద ఆ ఊరికి పొండి, ఈసారి రోడ్డు మీదుగా. ఆయన పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, మేనత్తను అడిగితే ఊరంతా ఎప్పుడో తెలుసుకుని ఉంటుంది. వచ్చేటప్పుడు ఆ వంతెన ఎక్కడుందో చూసి రండి. మీరు ఆగిన చోటుకు అది అరకిలోమీటరులో ఉందా, నాలుగు కిలోమీటర్లలో ఉందా అనేది ఆయనకూ తెలియాలి, మీకూ తెలియాలి. అరకిలోమీటరే అయితే ఆయన నెలరోజులు చెప్పుకుంటారు, చెప్పుకోనివ్వండి. ఏదైనా నాకు రాయండి, తెలుసుకోవాలనుంది.

ఒక చిన్న పని ఇవాళే చేయండి. బాబు సైకిల్ రెండు రోజులకే మళ్లీ గాలి పోయిందంటే పంక్చర్ సరిగ్గా వేయలేదని షాపువాణ్ని అనకండి. ట్యూబుకు అతుకు వేసి ఉంటాడు, టైరు చూసి ఉండడు. కట్ట మీద దొరికేవి రెండే, తుమ్మముల్లు, పల్లేరుకాయ. తుమ్మముల్లు టైరులో దిగి బయటివైపు విరిగిపోతుంది, పైకి ఏమీ కనిపించదు, మొన మాత్రం లోపలివైపు ఆవగింజంత పొడుచుకుని ఉంటుంది. టైరు ఊడదీయించి, లోపలంతా కొంచెం దూదిని మెల్లగా రాస్తూ చుట్టూ తిప్పండి. వేలు పెట్టొద్దు, గుచ్చుకుంటుంది. దూది పోగు ఎక్కడ చిక్కుకుంటే ముల్లు అక్కడుంది. పట్టకారుతో లోపలి నుంచి లాగండి. ఒకటి దొరికిందని ఆపకండి, చుట్టంతా పూర్తి చేయండి.